పంచాయతీ ఖాళీ స్థలములు: వానిని చూచువారెవరు?

ఆ మధ్య నరసరావుపేటలో పంచాయతీ సభ్యుల సమావేశమొకటి ముగిసిన పిదప, ఆవరణలోని వేపచెట్టు క్రింద నిలిచి కొందరు సభ్యులు మాతో మాటలాడుచుండిరి. సమీప గ్రామమునకు చెందిన వార్డు సభ్యురాలు ఒకరు ఇట్లు అడిగిరి: "పట్టణంలో పార్కులు చూసుకోవటానికి మునిసిపాలిటీలో మనుషులున్నారు గదండీ, మా ఊళ్ళో ఖాళీ జాగాలు చూసేవాళ్ళు ఎవరున్నారు?" ప్రక్కనున్న సర్పంచిగారు నవ్వి, "ఇంకెవరమ్మా, మనమే" అనిరి. ఆమె నవ్వలేదు. "మనమే అంటే ఎవరూ లేరనేగా" అని బదులు చెప్పిరి.

ఆ మాటలో సత్యమున్నది. గ్రామ పంచాయతీకి ఉద్యానముల శాఖ అనునది లేదు. దానికొక అధికారి లేడు, తోటమాలి లేడు, ప్రత్యేకమైన పద్దు లేదు. ఇది ఒక గ్రామము చేసిన లోపము కాదు. 1992లో రాజ్యాంగమునకు చేసిన 73, 74 సవరణలను ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో సంగతి తెలియును. పట్టణములకు సంబంధించిన పండ్రెండవ షెడ్యూలులో పదునెనిమిది విషయములున్నవి. వానిలో పార్కులు, ఉద్యానములు, ఆటస్థలములు అను మాటలు స్పష్టముగా కనబడుచున్నవి. పంచాయతీలకు సంబంధించిన పదునొకండవ షెడ్యూలులో ఇరువది తొమ్మిది విషయములున్నను ఆ మాటలు లేవు. సామాజిక వనముల పెంపకము ఉన్నది. వంటచెరకు, పశుగ్రాసము ఉన్నవి. చిట్టచివర సామూహిక ఆస్తుల నిర్వహణ ఉన్నది. పల్లెలలో ఖాళీ స్థలమునకు కొరత యేమున్నదని పెద్దలు తలచియుందురు. ఆనాటికి అది కొంత నిజమే.

ఇప్పుడు నరసరావుపేట చుట్టునున్న గ్రామములలో ఆ మాట చెల్లదు. పూర్వము అట్లూరుగా నుండి, మల్రాజు వంశీయుడైన నరసారావు పేరిట వెలసిన ఈ పట్టణము 1915లో పురపాలక సంఘమైనది. 2022 ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు జిల్లా ఏర్పడగా దానికి కేంద్రమైనది. జిల్లా కేంద్రమైనంతనే కచేరీలు వచ్చును. కచేరీలతో ఉద్యోగులు వత్తురు. వారితో ఇండ్ల స్థలములకు గిరాకి వచ్చును. నిన్నటి పత్తిచేలలో నేడు సరిహద్దు రాళ్ళు తెల్లరంగుతో మెరయుచున్నవి. గజముల లెక్కన అమ్ముడగు చోట, ఎవరిదో తెలియని ఎకరము చాలకాలము ఎవరిదీ కాక నిలువదు.

పోరంబోకు అనగా ఎవరిదియు కానిది కాదు

మన గ్రామములలో పోరంబోకు అను మాటకు అక్కరకు రాని నేల యను అర్థము వాడుకలో పడినది. చట్టము అట్లు చెప్పదు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము 58వ సెక్షను ప్రకారము పశువుల మేత బీళ్ళు, కళ్ళములు, శ్మశానములు, మందబయళ్ళు, బండ్ల దారులు, తోపులు, ప్రభుత్వమునకు ప్రత్యేకముగా అవసరము లేనంతవరకు, గ్రామ పంచాయతీకి దఖలుపడియున్నవి. ప్రభుత్వమునకు ఒక నిర్ణీత ప్రయోజనము కొరకు కావలసినచో గెజిటులో ప్రకటించి తిరిగి తీసికొనవచ్చును. అట్టి ప్రకటన లేనంతకాలము వానికి పంచాయతీయే ధర్మకర్త.

ఈ జాబితాను మరల ఒక పర్యాయము చదువుడు. అందులోని స్థలములు పెక్కు నేడు తమ పూర్వపు పనిని కోల్పోయినవి. నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టులో నీరు వదలిన పిదప మెట్టభూములు మాగాణులై, మేత బీళ్ళపై అందరి దృష్టి పడినది. ట్రాక్టరు వచ్చి బండ్ల దారిని నిరుపయోగము చేసినది. కోతయంత్రము వచ్చి కళ్ళమును ఖాళీ చేసినది. మంద తగ్గగా మందబయలు బోసిపోయినది. పని పోయిన స్థలము కొన్నాళ్ళు ఊరక పడియుండును. సర్కారు తుమ్మ మొలచి, పాములకు నెలవై, పిల్లలను అటు పోవద్దని తల్లులు చెప్పుదురు. అట్లు పదేండ్లు గడచినచో ఆ నేల ఊరికి గుర్తుండదు. గుర్తుండువాడు ఒక్కడే ఉండును. అతడు దానికి ఆనుకొనియున్న పొలము గలవాడు.

ఆక్రమణ ఒక్కనాటిలో జరుగదు. మొదట గడ్డివామి వచ్చును. పిమ్మట పేడదిబ్బ, దాని ప్రక్కన రాళ్ళకుప్ప, ఎండకు రేకుల పందిరి. పందిరికి గోడలు లేచును. చివరకు వచ్చునది ఇంటిపన్ను రసీదు. ఆ రసీదును ఇచ్చునది ఎవరో సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. పన్ను రసీదు హక్కుపత్రము కాదన్న మాట నిజమే. కాని దానిని చేతబట్టుకొని ఏండ్లకొలది వ్యాజ్యము నడుపువారిని మనము చూచుచునే యున్నాము. కావున గ్రామ పంచాయతీలో ఉద్యానముల శాఖ యను దాని మొదటి పని మొక్కలు నాటుట కాదు. పోరంబోకుపై వెలసిన కట్టడమునకు పన్ను లెక్క కట్టు పూర్వము, ఆ సర్వే నంబరును రిజిస్టరులో ఒకమారు చూచుట.

పంజాబులో పాటియాలా జిల్లా రోహర్ జాగీర్ గ్రామమున సరిగా ఇట్టిదే జరిగినది. గ్రామపు చెరువును పూడ్చి కొందరు ఇండ్లు కట్టుకొనిరి. వారిని ఖాళీ చేయించుట కంటె నేల విలువను వసూలు చేసికొనుట మేలని జిల్లా కలెక్టరు అభిప్రాయపడెను. పై అధికారి ఆ ఉత్తరువును రద్దుపరచెను. వివాదము పై న్యాయస్థానములకు ఎక్కినది. 2011 జనవరి 28న సుప్రీంకోర్టు ఆక్రమణదారుల అప్పీలును కొట్టివేసి, గ్రామ సామూహిక భూములను తిరిగి గ్రామములకు అప్పగించు పథకములను సిద్ధపరుపవలసినదిగా అన్ని రాష్ట్రములను ఆదేశించినది. ఆ సంవత్సరముననే మన రాష్ట్రములో గ్రామ పంచాయతీల ఆస్తుల పరిరక్షణ నిబంధనలు వెలువడినవి. ఆస్తుల రిజిస్టరు ఉంచుట, ఆక్రమణలను గుర్తించుట, తొలగించు చర్య గైకొనుట వీని సారము.

రిజిస్టరు అనగానే బీరువాలోని అట్టపుస్తకము జ్ఞప్తికి వచ్చును. దానిని బయటకు తీయుడు. ప్రతి స్థలమునకు సర్వే నంబరు, విస్తీర్ణము, నాలుగు హద్దులు, నేటి స్థితి వ్రాసియున్నవో లేవో చూడుడు. ఇచ్చట ఒక్క హెచ్చరిక చేయదలచితిమి. 2020 డిసెంబరులో ఆరంభమైన భూముల రీసర్వే పూర్తియైన గ్రామములలో పాత సర్వే నంబర్లకు బదులు కొత్త నంబర్లు వచ్చినవి. పంచాయతీ రిజిస్టరులో పాత నంబరు, రెవెన్యూ రికార్డులో కొత్త నంబరు ఉన్నచో, ఆ రెండింటి నడుమ ఎకరములు జారిపోవుటకు సందు దొరకును. పాత నంబరు ఎదుట కొత్త నంబరును వ్రాయించుకొనుట ఒక పూట పని. సర్వేయరు, కార్యదర్శి, ఆ వార్డు సభ్యుడు మువ్వురును కలసి హద్దుల వెంట నడచి చూచినచో మరియు మంచిది. వెంట ఊరి వృద్ధులను ఒకరిద్దరిని తీసికొనిపోవుడు. కాగితములో లేని చింతచెట్టు, పూడిపోయిన దిగుడుబావి వారికి తెలియును.

తొలగింపు విషయమున సభ్యులు స్వయముగా గునపము పట్టరాదు. నోటీసు, విచారణ, ఉత్తరువు అను క్రమము ఉన్నది. దానిని తప్పినచో న్యాయము మనవైపున ఉన్నను వ్యాజ్యము ఓడుదుము. మరియొక మాట కూడ చెప్పవలసియున్నది. నిలువ నీడలేని కుటుంబము వేసికొన్న గుడిసెను మొదటి వారమున తొలగించి, పలుకుబడి గలవాని ప్రహరీగోడను మరుసటి సంవత్సరమునకు వాయిదా వేసిన పంచాయతీ మాటను ఊరిలో ఎవరును వినరు. వినకుండుట న్యాయమే.

పదింట ఒక వంతు

పాత స్థలముల కథ ఇట్లుండగా, కొత్తవి కూడ పంచాయతీ చేతికి వచ్చుచున్నవి. గ్రామ పంచాయతీల లేఅవుటు, కట్టడముల నిబంధనలు 2002లో వచ్చినవి. లేఅవుటులో పదింట ఒక వంతు నేలను ప్రజోపయోగమునకు ఖాళీగా విడువవలెనన్నది సూత్రము. లెక్క చూడుడు. అయిదెకరముల లేఅవుటు అనగా 24,200 చదరపు గజములు. అందులో పదవ వంతు 2,420 గజములు, అనగా సరిగా అర ఎకరము. నరసరావుపేట పొలిమేరలో అర ఎకరము నేడు ఏ పంచాయతీయును డబ్బు పెట్టి కొనజాలదు. అది ఉచితముగా వచ్చుచున్నది.

కాని వచ్చు తీరు చూడవలెను. ఆ అర ఎకరము ఒక్క ముక్కగా నున్నచో పిల్లలు ఆడుకొందురు. నాలుగు మూలల నాలుగు ముక్కలైనచో చెత్త వేయుదురు. మురుగు కాలువ గట్టు, విద్యుత్తు పెద్దతీగల క్రింది నేల, వంకర మూల, ఇట్టివి ఖాళీ స్థలముగా చూపిన పటములు లేకపోలేదు. పటము ఆమోదించు అధికారము ఏ సంస్థదైనను, తుదకు ఆ స్థలమును ఊడ్చునది పంచాయతీయే. అందుచేత పటము కాగితముపై నుండగానే సభ్యులు దానిని అడిగి చూడవలెను. రిజిస్టరైన దానపత్రము ద్వారా అది పంచాయతీ పేరిటికి వచ్చినదో లేదో రూఢి చేసికొనవలెను. దానపత్రము లేని ఖాళీ స్థలము పటములో ఆకుపచ్చగా, రిజిస్ట్రారు కచేరీలో మరియొకరి పేరిట ఉండును.

అట్టి స్థలమును పంచాయతీయే మరియొక పనికి ఇచ్చివేయవచ్చునా యని కొందరు అడుగుచుందురు. మంచి పనికే గదా, ఆసుపత్రికే గదా యని వాదము. బెంగళూరులో ఇట్లే జరిగినది. ఒక పేటలో పార్కునకై ప్రత్యేకించిన స్థలమును ప్రైవేటు ఆసుపత్రి కట్టుకొనుటకు కేటాయించిరి. ఆ పేటవాసులు వ్యాజ్యము తెచ్చిరి. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తీర్పు చెప్పినది. ఆసుపత్రి చెడ్డదని కాదు. పార్కునకై విడిచిన నేలను కోల్పోయిన ప్రజలకు దాని లోటును ఆసుపత్రి తీర్పజాలదని.

ఇంగ్లండు దేశమున పరిశ్రమలు పెరిగిన కాలములో ఊరుమ్మడి భూములు చాలవరకు అన్యాక్రాంతమైనవి. పిదప గాలి ఆడని ఇరుకు పేటలలో రోగములు పెరిగి, పట్టణములవారు నేలను డబ్బు పెట్టి కొని ఉద్యానములు వేసికొనవలసివచ్చినది. లివర్‌పూలునకు ఎదుట, మెర్సీనది ఆవలి గట్టుననున్న బర్కెన్‌హెడ్ పట్టణము 1847లో ప్రజాధనముతో ప్రజల కొరకు ఉద్యానమును తెరచినది. జోసెఫ్ పాక్స్‌టన్ పటము గీచెను. ఎడ్వర్డు కెంపు అను పర్యవేక్షకుడు పనిని నడిపెను. తరువాత అమెరికా నుండి వచ్చి చూచినవారు అట్టివి తమ దేశమున నెలకొల్పిరి. చరిత్రలో ఇది గొప్పగా చెప్పబడును. మాకు మాత్రము అందులో వేరొక సంగతి కనబడును. వారు పోగొట్టుకొని కొనిరి. మన గ్రామములకు కొనవలసిన అగత్యము ఇంకను రాలేదు.

మే మాసపు లెక్క

ఇక మొక్కల మాట. నాటుట యందు మనకు లోటు లేదు. జులైలో నాటిన మొక్కతో ఫొటో తీయించుకొనని నాయకుడు లేడు. మే మాసములో దాని ప్రక్కన నిలుచువాడే కరవు. రెంటచింతల ఎండ పేరు వినని వారు రాష్ట్రములో ఉండరు. ఆ ఎండ పల్నాడు అంతటికి ఉమ్మడి ఆస్తి.

తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము ఈ విషయమును సూటిగా పట్టుకొన్నది. నాటిన మొక్కలలో 85 శాతము బ్రతుకవలెనని నిర్దేశించి, ఆ బాధ్యతను సర్పంచిపైన, కార్యదర్శిపైన ఉంచినది. నాటిన సంఖ్యను గాక బ్రతికిన సంఖ్యను లెక్కించుట అందలి విశేషము. మన పంచాయతీలకు అట్టి శాసనమున్నను లేకున్నను ఆ లెక్క అనుసరింపదగినది.

బ్రతికించుట యనగా నీరు. 200 మొక్కలు నాటితిమనుకొందము. మొక్కకు 20 లీటర్ల చొప్పున ఒక తడికి 4,000 లీటర్లు, అనగా ఇంచుమించు ఒక ట్రాక్టరు ట్యాంకరు. ఫిబ్రవరి నుండి జూన్ నడిమి వరకు అయిదు దినములకు ఒక తడి యిచ్చినను ఇరువదియేడు ట్యాంకర్లు. మొదటి వేసవి అట్లు, రెండవ వేసవి అట్లు, మూడవ వేసవి కొంత తక్కువ. ట్యాంకరు అద్దె, డీజిలు, మనిషి కూలి కలిపి మొత్తమును ముందుగానే బడ్జెటులో వ్రాయగల పంచాయతీ 200 మొక్కలు నాటవచ్చును. వ్రాయలేనిది 50 నాటవలెను. బ్రతికిన 50 చెట్ల క్రింద ఊరు కూర్చుండును; ఎండిన 200 పుల్లల క్రింద ఎవరును కూర్చుండరు.

నేల సంగతి ప్రాంతమును బట్టి మారును. నరసరావుపేట వైపు నల్లరేగడి వేసవిలో నెరెలు విచ్చును. పాదులో ఎండుటాకులు, చెత్త పరచి తేమను కాపాడవలెను. గురజాల, మాచర్ల, పిడుగురాళ్ళ వైపు నాలుగడుగులు త్రవ్వకముందే నాపరాయి తగులు చోట్లున్నవి. అట్టిచోట గుంతను వెడల్పుగా తీసి, బండ పగులు దొరకు తావును చూచుకొని నాటుట మేలు. వేప, కానుగ, రావి, నేరేడు, చింత ఈ ఎండను ఎరిగిన చెట్లు. త్వరగా పచ్చబడునని విదేశీ జాతులను తెచ్చువారున్నారు. కంటికి పచ్చదనము కనబడును గాని, మధ్యాహ్నము గొఱ్ఱెల కాపరి వచ్చి నడుము వాల్చుటకు నీడ యుండదు.

ఎవరి కొరకు?

ఆ సభ్యురాలు ఇంకొక మాట కూడ అనిరి. ఊరి రచ్చబండ వద్ద మగవారు కూర్చుందురు, పేకాట ఆడుదురు, సాయంత్రమైన పిదప ఆడువారు అటు పోవుటకు జంకుదురు. పార్కు కట్టినను ఇట్లే అగునేమో యని ఆమె సందేహము. ఈ సందేహమునకు చట్టములో సమాధానము లేదు. ఒక దీపము, లోపలినుండి బయటకు కనబడునట్లు ఎత్తు తక్కువ గోడ, అంగన్‌వాడీకో పాఠశాలకో దగ్గరగా నున్న చోటు, నీటి కుళాయి ఉన్నచో పిల్లలు వత్తురు. పిల్లల వెంట తల్లులు, అవ్వలు వత్తురు. వారు వచ్చిన చోటికి పేకముక్కలు రావు. పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. స్థలమును ఎన్నుకొను దినమున వారు మాటలాడవలెను. గేటుకు తాళము వేసి, తాళపుచెవి ఒక పెద్దమనిషి జేబులో నుంచు పద్ధతిని మాత్రము మేము ఎచ్చటను మెచ్చలేకున్నాము.

ఖాళీ స్థలమనగా పూలమొక్కలు, సిమెంటు బల్లలు అని అనుకొనుట పట్టణపు అలవాటు. మన ప్రాంతమున అంతకు పూర్వమే ఒక సంప్రదాయము ఉన్నది. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు చుట్టుప్రక్కల ఊళ్ళనుండి ప్రభలు తరలును. తాటిచెట్టును మించిన ప్రభ ఊరు దాటి కొండ క్రిందికి చేరవలెనన్న, దానికి దారి యుండవలెను. దారికి అడ్డముగా అరుగును పెంచువాడు, పందిరిని చాచువాడు ఆ పండుగ నాటికి ఊరి అందరికిని జవాబు చెప్పుకొనవలసివచ్చును. కరెంటు తీగలను సైతము ప్రభ కొరకు విప్పుదురు. ప్రభ కట్టు తావు, ప్రభ నడచు దారి, కొండ దిగువ ప్రభలు నిలుచు మైదానము ఊరివారి జ్ఞాపకములో సర్వే రాళ్ళ కంటె గట్టిగా పాతుకొనియున్నవి. ఏడాదికొక దినము పనికివచ్చు నేలను మన పెద్దలు అట్లు కాపాడుకొనిరి. ఏడాది పొడుగున పనికిరాదగిన కళ్ళమును మనము మరచుచున్నాము. అందు పని ఏదో ఒకటి పెట్టుడు: పిల్లల ఆట, పెండ్లి పందిరి, వారపు సంత, ధాన్యము ఆరబోయుట, యువకుల కబడ్డీ. తుమ్మ కొట్టించి చదును చేయించి ఊరికి అప్పగించిన నేలపై గడ్డివామి వేయుటకు వెంటనే ఎవరికిని ధైర్యము చాలదు.

మరి శాఖ మాట ఏమైనది? ప్రతి స్థలమునకు ఆ వార్డు సభ్యుని పేరు రిజిస్టరులో వ్రాయవచ్చును. హద్దులు చూచుట, నీరు అందినదో లేదో విచారించుట, దీపము వెలుగనిచో కార్యదర్శికి తెలుపుట అతని పని. నీరు పోయుటకు, ఊడ్చుటకు జీతముపై ఒక మనిషిని ఏర్పరచవలెను. అతని జీతము ఏ పద్దునుండి వచ్చునో తీర్మానములోనే వ్రాయవలెను. ఊరక "నిర్వహింపవలెను" అని ముగిసిన తీర్మానములు మినిట్సు పుస్తకములలో పెక్కు నిద్రించుచున్నవి. మూడు మాసములకు ఒకమారు ఈ విషయమును పంచాయతీ సమావేశపు అజెండాలో చేర్చి, ఏ స్థలము ఎట్లున్నదో ఆయా సభ్యుడు రెండు మాటలలో చెప్పవలెను. గ్రామసభలో జాబితాను బిగ్గరగా చదివించుడు. తమ వీధి వెనుకనున్న స్థలము ఊరిదేనని అనేకులకు ఆనాడే తెలియును.

కాలక్రమము చూచినచో, హద్దులు నడచుటకు పంట కోతలు ముగిసిన వేసవి అనుకూలము. గుంతలు మే మాసములో తీయించి ఎండనిచ్చి, తొలకరి రెండు వానలు పడిన పిదప నాటవలెను. ఆ సభ్యురాలి గ్రామములో పాత మందబయలు ఒకటి ఎకరమునకు పైగా ఉన్నదట. అందులో రెండు గడ్డివాములు, ఒక రాళ్ళకుప్ప వెలసినవట. ఇంకను రేకులు పడలేదు.